అంతిమవేదన - ఔషధసేవ - భగవత్స్మరణ

శరీరమును ధరించిన జీవుడు ఏదో ఒకనాడు దానిని విడువక తప్పదు. ఈ విషయమున ఎవరికిని సంశయము లేదు. ఆ విడిచెడు వేళ మనస్సు ఎచట నిలుచును అనునదియే ఆస్తికులకు ప్రధానమైన చింత. అంత్యకాల స్మరణమునకు గల ప్రాధాన్యమును భగవద్గీత ఎనిమిదవ అధ్యాయము విస్తరించి చెప్పుచున్నది. అందుచేతనే అవసానదశలో ఉన్నవారి చెవిలో నామము వినిపించుట, తులసీతీర్థము నోట పోయుట వైష్ణవ గృహములలో ఆచారముగా నిలిచినవి.

ఐతే చెవిలో నామము వినిపించు ఆ వేళ, రోగి దేహము మంటలలో కాలుచున్నట్లు బాధ పడుచుండినచో ఏమి చేయవలెను? బాధను తగ్గించు మందు కలదు. కాని ఆ మందు తెలివిని కొంత మసకపఱచును. అట్టి మందును భక్తుడు స్వీకరింపవచ్చునా? కుమారులు, కోడండ్రు దానిని ఇప్పింపవచ్చునా? ఈ ప్రశ్న నేడు అనేక గృహములలో పుట్టుచున్నది. దీనిని శాస్త్రజ్ఞులు విచారించు క్రమముననే, విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అను వరుసతో పరిశీలించుట మేలు.

మొదట విషయము. క్యాన్సరు వంటి వ్యాధి ఎముకలకును నరములకును ప్రాకినపుడు కలుగు నొప్పి సామాన్యమైనది కాదు. దానికి వైద్యులు ప్రధానముగా మార్ఫీనును వాడుదురు. పెక్కుమందికి దానితో ఉపశమనము లభించును. కొందఱికి మాత్రము మోతాదు పెంచినకొలది నొప్పి తగ్గకపోగా ఒక్కొకప్పుడు పెరుగును కూడ. దీర్ఘకాలము బాధను మోసిన వెన్నుపాములోని నాడీకణములు అతిగా ఉద్రేకమును పొంది, స్వల్పస్పర్శను సైతము శూలపుపోటుగా మెదడునకు అందించును. ఈ ఉద్రేకమునకు ద్వారమువంటివి ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకములు. ఆ ద్వారమును మూయు ఔషధములలో ఒకటి కెటమీను.

ఈ ఔషధము 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ అను రసాయన శాస్త్రవేత్తచే తయారుచేయబడినది. 1964లో మొదటిసారి మనుష్యులకు ఇచ్చి పరీక్షించిరి. 1970లో ఆ దేశమున శస్త్రచికిత్సకు మత్తుమందుగా అనుమతి లభించినది. వియత్నాం యుద్ధములో గాయపడిన సైనికులకు ఉపయోగపడినది. ఊపిరిని అంతగా కుంగదీయకపోవుట దీని విశేషము. కావుననే సౌకర్యములు తక్కువగానున్న ఆసుపత్రులలో సైతము ఇది ఆధారమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దీనిని అత్యావశ్యక ఔషధముల పట్టికలో చేర్చినది. శస్త్రచికిత్సకు ఇచ్చు మోతాదులో ఇది మనస్సును దేహమునుండి వేఱుచేసినట్లు చేయును. కన్నులు తెఱచియే ఉండవచ్చును, దేహబాధ మాత్రము తెలియదు. ఉపశమన చికిత్సలో ఇచ్చునది అంతకంటె చాల తక్కువ మోతాదు. ఐనను కొందఱికి తల తిరుగుట, కలవరము, లేని దృశ్యములు కనబడుట కలుగును.

ఇక సంశయము. భగవత్స్మరణకు తెలివి కావలెను. ఈ మందు తెలివిని కదిలించును. ఇట్టి ఔషధమును అంత్యదశలో ఉన్న భక్తుడు సేవించుట ధర్మమా, అధర్మమా?

అధర్మమే యని చెప్పు పూర్వపక్షమునకు నాలుగు యుక్తులు కలవు. మొదటిది: జీవితమంతయు చేసిన సాధనకు ఫలకాలమైన క్షణమున మనస్సును మందునకు అప్పగించుట, పంట కోతకు వచ్చిన దినమున పొలమును విడిచిపోవుటవంటిది. రెండవది: బాధ ప్రారబ్ధకర్మఫలము, దానిని అనుభవించియే తీర్చుకొనవలెను గాని మందుతో దాటవేయరాదు. మూడవది: ఇది మాదకద్రవ్యము, యువకులు కొందఱు దీనిని మత్తుకై వాడి మూత్రాశయమును చెడగొట్టుకొని రోగులగుచున్నారు, మన ప్రభుత్వము సైతము దీనిని కఠిన నియంత్రణలో ఉంచినది, అట్టి పదార్థము శ్రీవైష్ణవుని నోటికి తగునా? నాల్గవది: ఇట్టి మందులను ఇచ్చుట మరణమును త్వరపెట్టుటయే గదా?

ఈ యుక్తులు తేలికగా త్రోసివేయదగినవి కావు. వీనిని చెప్పువారు రోగియందు దయలేనివారును కారు. పెక్కుచోట్ల రోగియే స్వయముగా ఇట్లు పలుకును: “నాయనా, నా తెలివిని తీసివేయవద్దు; స్వామిపేరు పలుకుటకు నాకు అది కావలెను.” ఈ మాటలో గొప్ప నిష్ఠ కలదు. దానికి తగిన సమాధానము చెప్పవలెనన్నచో భారతమును ఆశ్రయింపవలెను.

అంపశయ్యపై భీష్మాచార్యుడు ఏబదియెనిమిది రాత్రులు శయనించెను. ఆయన పడిన దినముననే దుర్యోధనుడు శల్యోద్ధరణమున నేర్పరులైన వైద్యులను తోడితెచ్చెను. భీష్ముడు వారిని సత్కరించి పంపివేయుమనెను. క్షత్రియునకు తగిన గతి లభించినదని, చికిత్స అక్కఱలేదని పలికెను. ఇంతవఱకు పూర్వపక్షమునకు అనుకూలముగానే కనబడును. కాని కథ ఇచట ఆగలేదు. తరువాత శాంతిపర్వమున శ్రీకృష్ణుడు ధర్మరాజునకు ధర్మములను ఉపదేశింపుమని కోరగా, ఆ మహానుభావుడు తన అశక్తతను విన్నవించెను. బాణములచే అవయవములు మండుచున్నవని, మనస్సు చెదరినదని, మాట తడబడుచున్నదని, ఈ స్థితిలో ఏమియు చెప్పజాలనని ఒప్పుకొనెను. అపుడు స్వామి, ఓర్చుకొనుమని గాని, ప్రారబ్ధమని గాని పలుకలేదు. దాహము, మూర్ఛ, తాపము, నొప్పి నిన్ను బాధింపకుండును గాక, నీ జ్ఞానము ప్రకాశించును గాక యని వరమిచ్చెను.

ఈ ఘట్టమును భక్తులు నిదానముగా భావింపవలెను. భీష్మునివంటి యోగికే, స్వచ్ఛందమరణము వరముగా గలవానికే, వేదన స్మృతిని హరించినది. వేదన తొలగిన పిదపనే ధర్మోపదేశము సాగినది; ఆనుశాసనిక పర్వమున విష్ణుసహస్రనామము వెలువడినది. నేడు ప్రతి గృహమున పారాయణ చేయబడు ఆ వేయి నామములు, భగవానుడే నొప్పిని తీసివేసిన ఒక అవసానశయ్యనుండి లోకమునకు లభించినవి. అందులో భేషజము, భిషక్కు అను నామములు కూడ ఉండుట గమనింపదగినది. ఔషధము ఆయనయే, వైద్యుడును ఆయనయే.

దీనిచే మొదటి యుక్తికి సమాధానము దొరకినది. మందు ఒక్కటియే తెలివిని హరించునది కాదు, నొప్పియు హరించును. తీవ్రమైన బాధలో ఉన్నవాడు నారాయణుని స్మరింపడు, నొప్పినే స్మరించును. రాత్రియంతయు నిద్రలేక, ప్రక్కకు ఒత్తిగిలలేక, పలుకరించినవారిపై విసుగుకొనుచున్న మనస్సునకు ఏకాగ్రత ఎట్లు కలుగును? కావున స్పష్టమైన తెలివికిని, మసకబారిన తెలివికిని నడుమ ఎంచుకొనుటగా దీనిని భావించుట సరికాదు. వేదనచే చెదరిన తెలివియు, ఔషధముచే కొంత మందగించి శాంతించిన తెలివియు ఎదుట ఉన్నవి. వీనిలో నామమునకు ఏది ఎక్కువ చోటిచ్చునో ఆ రోగివిషయమున పరీక్షించి తెలిసికొనవలెను.

రెండవ యుక్తి కర్మకు సంబంధించినది. బాధ కర్మఫలమే యనుకొందము. ఆకలియు కర్మఫలమే, ఐనను ఆకొన్నవానికి అన్నము పెట్టవద్దని ఏ శాస్త్రమును చెప్పలేదు. ప్రారబ్ధము అను మాట తన కష్టమును తాను ఓర్చుకొనుటకు ఉపయోగింపవలసినది. ఎదుటివాని కష్టమును చూచి చేతులు ముడుచుకొనుటకు కాదు. ఒకనికి వ్యాధి ప్రారబ్ధమైనచో, ఆ వ్యాధికి ఉపశమనము తెలిసిన వైద్యుడు లభించుట మాత్రము ప్రారబ్ధము కాకపోవునా? ప్రాచీన వైద్యులు నయము కాకపోయినను చికిత్సచే నిలిపియుంచదగిన రోగములను యాప్యములనిరి. చికిత్సకు లొంగని వ్యాధులను వేఱుగా లెక్కించిరి. వ్యాధికి చికిత్స లేకపోవచ్చును. వ్యాధిగ్రస్తునకు సేవ లేకపోవుట యనునది ఉండదు.

మూడవ యుక్తి పదార్థదోషమును గూర్చినది. ఇచట ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ దారి చూపును. కఱవుకాలమున ఆ బ్రహ్మవేత్త ప్రాణము నిలుపుకొనుటకై ఒక ఏనుగులవాడు తినుచున్న ఉలవల ఎంగిలిని అడిగి తినెను. పిదప అతడు నీటిని ఇవ్వబోగా, ఎంగిలియని వలదనెను. ఉలవలు మాత్రము ఎంగిలి కావా యని అడుగగా, అవి లేనిచో బ్రదుకనని, నీరు కోరినచోట దొరకునని చెప్పెను. బ్రహ్మసూత్రములందును ఈ విషయము చర్చింపబడినది. ఆపదలో నియమమునకు సడలింపు కలదు. కాని ఆ సడలింపునకు అవసరమే హద్దు. సుశ్రుతుడు సైతము శస్త్రచికిత్సకు ముందు, బాధకు ఓర్వలేని మద్యపాన అలవాటు గలవానికి తీక్ష్ణమైన మద్యమును ఇమ్మని విధించెను. మత్తుకై త్రాగుటయు, కత్తిపోటునకు ఓర్చుటకై త్రాగుటయు ఒకటి కావు. కెటమీను విషయమును ఇట్లే చూడవలెను. నొప్పికి ఎంత అవసరమో అంత. ఎన్ని దినములు అవసరమో అన్ని దినములు. అంతకుమించి అక్కఱలేదు.

నాల్గవ యుక్తికి సంకల్పభేదమే సమాధానము. బాధను తగ్గింపవలెనను సంకల్పముతో, ఆ బాధకు తగిన మోతాదులో మందు ఇచ్చుట వేఱు. ప్రాణమును తీయవలెనను సంకల్పముతో ఇచ్చుట వేఱు. 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రయమును స్థాపించిన సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు ఈ భేదమును జీవితమంతయు బోధించినది. దేహపునొప్పితో పాటు మనస్సులోని దిగులు, కుటుంబమును గూర్చిన బెంగ, దైవమును గూర్చిన కలత కలిసి ఒకే వేదనగా ఉండునని ఆమె చెప్పినది. మన దేశమున ముంబయిలో 1986లో శాంతి అవేదన సదనమును, 1993లో కేరళలోని కోళికోడున వైద్యులు ఎం.ఆర్. రాజగోపాల్ మొదలగువారు ప్రారంభించిన చికిత్సాలయమును ఈ సేవకు మార్గదర్శకములైనవి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలోను ఇట్టి విభాగము పనిచేయుచున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన మార్ఫీను దొరకుట దుర్లభమై లక్షలాది రోగులు బాధపడిరి. 2014లో ఆ చట్టమును సవరించి కొంత సులభము చేసిరి. ఈ సేవ చేయువారు మరణమును పిలువరు. బలవంతముగా ఆపుటకును పెనుగులాడరు. వచ్చువఱకు రోగికి తోడుండురు.

ఇంతవఱకు చెప్పినది విని, ఐనచో కెటమీనును అందఱికిని ఇప్పింపవలెనని తొందరపడరాదు. సత్యమును పూర్తిగా చెప్పవలెను. ఆస్ట్రేలియాలో 185 మంది క్యాన్సరు రోగులపై జరిగి 2012లో వెలువడిన ఒక పరీక్షలో, చర్మము క్రింద ఇచ్చిన కెటమీను ఉత్తుత్తి మందుకంటె ఎక్కువ గుణము చూపలేదు. దుష్ఫలితములు మాత్రము ఎక్కువైనవి. నరముల నొప్పితో బాధపడు 214 మందికి నోటిద్వారా ఇచ్చి చూచిన మఱియొక పరీక్ష, 2018లో వెలువడినది, అదే ఫలితమును ఇచ్చినది. ఐనను, ఇతర మందులు పనిచేయని కొందఱికి దీనితో ఆశ్చర్యకరమైన ఉపశమనము కలిగినట్లు అనుభవజ్ఞులైన వైద్యులు చెప్పుచున్నారు. తీవ్రమైన విషాదరోగమున దీనికి సంబంధించిన ఎస్కెటమీను అను మందునకు 2019లో అమెరికాలో అనుమతి లభించినది; అవసానదశలోని దిగులునకు దీని ప్రయోజనమును ఇంకను పరిశీలించుచున్నారు. కావున ఇది మొదటి మందు కాదు. అన్నియు విఫలమైనపుడు, నేర్పరియైన వైద్యుని పర్యవేక్షణలో, స్వల్పముగా ఇచ్చి చూచి, గుణము కనబడనిచో మానివేయవలసిన మందు. ధర్మనిర్ణయము చేయువానికి ఈ వాస్తవజ్ఞానము అవసరము. ఫలించునో లేదో పరిశీలింపని దయ, దయ అనిపించుకొనదు.

ఇచట ఇంకొక హెచ్చరిక కూడ అవసరము. ఈ ఔషధము వలన కొందఱికి వెలుగులు, రూపములు, దేహమునుండి తాను వేఱైన భావము కలుగును. దానిని విని ఇంటివారు దర్శనమైనదని సంబరపడరాదు. దుష్టగ్రహమని భయపడను రాదు. దేహము తెలియకపోవుట వేఱు, దేహి యెవరో తెలియుట వేఱు. గాఢనిద్రలోను దేహము తెలియదు. అంతమాత్రమున నిద్రించినవాడు ఆత్మజ్ఞాని కాడు. ఆ దృశ్యములు భయంకరములైనచో వైద్యునికి వెంటనే తెలుపవలెను. వానిని తగ్గించుటకు ఉపాయములు కలవు. రోగి చేతిని పట్టుకొని పరిచితమైన స్వరముతో మెల్లగా మాటలాడుట, గదిలో సందడి లేకుండ చూచుట ఎంతయో మేలుచేయును.

ఇక నిర్ణయము ఎవరిది? భీష్ముడు వైద్యులను వలదన్నపుడు ఎవరును బలవంతము చేయలేదు. పిదప స్వామి అనుగ్రహించినపుడు ఆయన స్వీకరించెను. రెండును ఆయన ఇష్టముననుసరించియే జరిగినవి. కావున తెలివియే ముఖ్యమని కోరి నొప్పిని సహింప నిశ్చయించిన రోగి నిశ్చయమును గౌరవింపవలెను. ఉపశమనము కోరినవానిని భక్తి తక్కువవాడని నిందింపరాదు. కాని మన గృహములలో ఒక దురభ్యాసము కలదు. పెద్దవారికి వ్యాధి పేరు చెప్పకుండ దాచుదురు. “నాన్నగారికి తెలిసినచో తట్టుకొనలేరు” అని కుమారుడు వైద్యుని చెవిలో చెప్పును. తన స్థితి తెలియనివాడు తనకేమి కావలెనో ఎట్లు చెప్పును? ఎన్నడు ప్రపత్తి చేయవలెను, ఎవరికి ఏమి ఒప్పగింపవలెను, ఏ క్షేత్రమును ఒక్కసారి చూడవలెను అనునవన్నియు ఆయనకు దక్కకపోవును. ప్రేమతో చేసినదైనను, ఈ దాచుట ఆయనకు మిగిలిన కాలమును ఆయననుండి హరించుటయే. మెల్లగా, ఆయన అడిగినంత మేరకు, నిజమును తెలుపుట పుత్రధర్మము.

అడుగవలసిన వేళయు ముఖ్యము. తెలివి తేటగానున్నపుడే అడుగవలెను. గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమని మన సర్వోన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పి, తన అంత్యచికిత్సను గూర్చి ముందుగా వ్రాసియుంచుకొను అవకాశమును కల్పించినది. 2023లో ఆ విధానమును సరళము చేసినది. చట్టము నేడు చెప్పిన ఈ ముందుచూపును ఆళ్వార్లు ఏనాడో ఆచరించి చూపిరి. పెరియాళ్వారు శ్రీరంగనాథుని ఎదుట, అవసానమున తలచుకొనలేనేమోయని ఇప్పుడే విన్నవించుకొనుచున్నానని ప్రార్థించెను. కులశేఖరుడును ముకుందమాలలో, ప్రాణము పోవు వేళ కంఠము పూడుకొనిపోవును గనుక నేడే తన మనస్సును స్వామిపాదములందు నిలుపగోరెను. మహనీయులైన వీరును కడపటి క్షణమును నమ్ముకొని కూర్చుండలేదు.

మిగిలినది అన్నింటికంటె లోతైన భయము. ఎన్ని జాగ్రత్తలు తీసికొనినను, వ్యాధిచేతనో మందుచేతనో తెలివి తప్పి, నామము పలుకకయే ప్రాణము పోయినచో ఆ జీవుని గతి ఏమి? ఈ భయముతోనే ఎందఱో భార్యలు, కుమారులు సంవత్సరములతరబడి కుమిలిపోవుదురు. ఆ సూది వేయింపకుండినచో కడసారి గోవిందాయనెడివాడేమోయని తమను తాము నిందించుకొందురు. వారికి వరాహచరమశ్లోకము అభయమిచ్చుచున్నది. భూదేవి ప్రార్థింపగా వరాహస్వామి అనుగ్రహించిన ఆ ఉపదేశ సారమిది: దేహమును మనస్సును కుదురుగా ఉన్నపుడు తన్ను ఆశ్రయించినవానిని, వాడు కొయ్యవలె, రాతివలె తెలివిలేక పడియున్నపుడు తానే తలచుకొని పరమపదమునకు చేర్చును. వేదాంతదేశికులు దీనిని వివరించుటకే రహస్యశిఖామణి అను గ్రంథమును రచించిరి. భక్తియోగనిష్ఠునకు అంతిమస్మృతి తన సాధనచే సిద్ధింపవలసినది. ప్రపన్నునకు మాత్రము ఆ భారము భగవానునిదే. భరన్యాసము చేసిన పిదప కడపటి భారమును మరల తలకెత్తుకొని వగచుట శరణాగతికి తగదు.

కావున సిద్ధాంతమిది. ఉపశమనౌషధమును అంత్యదశలో ఉన్న భక్తుడు స్వీకరించుట ధర్మవిరుద్ధము కాదు. రోగి కోరినపుడు, అవసరమునకు తగినంతగా, తెలిసిన వైద్యుని చేతిమీదుగా, ప్రాణమును కాక బాధను తీయు సంకల్పముతో ఇప్పించినచో అది సేవయే యగును. తెలివిని కాపాడుకొనుచు నొప్పిని తగ్గించు మార్గమున్నచో ముందు దానిని చూడవలెను. రెండును సాధ్యము కానపుడు రోగి మనస్సు దేనియందు శాంతించునో దానిని అనుసరింపవలెను.

ఇందు గృహస్థులకు కలుగు ప్రయోజనమును తెలిసికొనవలెను. స్మరణను కడపటి దినమునకు వాయిదా వేయక, కాలుసేతులు ఆడుచున్న ఈ దినముననే చేయవలెను. ఇంటిలోని పెద్దలకు ఏమి ఇష్టమో వారు చెప్పగలిగిన కాలముననే అడిగి తెలిసికొనవలెను. బాధపడువాని ప్రక్కను కూర్చున్నపుడు కర్మసిద్ధాంతమును వినిపింపక, ముందు నీరు, మందు, చేయూత ఇచ్చి, పిదప నామము వినిపింపవలెను. ఆయనకు వినబడినదో లేదోయని కలత వలదు. అంపశయ్యయొద్దకు తానుగా నడచివచ్చి భక్తుని నొప్పిని తొలగించిన స్వామి, మంచముపై తెలివిలేక పడియున్న వానిని సైతము మఱువడు.